జీన్ క్లార్క్ పాటలు ఇన్నాళ్లూ మన చెవిన ఎందుకు పడలేదు?

గోదారిగట్టు
ఈగల్స్ అనే అమెరికా రాక్ బృందాన్ని కాలేజీ రోజుల నుంచీ వింటున్నాను. వాళ్ల 1972 నాటి మొదటి ఆల్బమ్‌లో 'ట్రెయిన్ లీవ్స్ హియర్ దిస్ మార్నింగ్' అని ఒక నిదానపు పాట ఉంటుంది, బెర్నీ లెడన్ పాడింది. మొన్న మావాడు అదే పాటని ఇంకో గొంతులో వినిపించాడు. 1968 నాటి రికార్డు. డిల్లార్డ్ అండ్ క్లార్క్ అనే జంట చేసింది. రాసినవాళ్లు బెర్నీ లెడన్, జీన్ క్లార్క్. పాడింది జీన్ క్లార్క్.

అప్పట్నుంచీ మా ఇంట్లో ఇంకో మనిషి గొంతు మోగడం లేదు. బాంజో, మాండొలిన్, వాటి వెనకాల ఏ తొందరా లేని ఒక గొంతు. పాట మనల్ని పట్టుకోవాలని అతనేం ప్రయత్నించడు. తన బాధ తను చెప్పుకుంటాడు, మనం ఉంటే వింటాం, అంతే.

రిటైరయ్యాను, వినడానికి తీరిక ఉంది. కానీ బాధగా ఉంది. డిలన్ గురించి చెప్పినవాళ్లున్నారు, నీల్ యంగ్ క్యాసెట్ చేతిలో పెట్టినవాళ్లున్నారు. ఇలాంటి పాటలు రాసిన మనిషి పేరు పాతికేళ్ల వయసులో నాకు ఒక్కరూ ఎందుకు చెప్పలేదు? సరే, ఇప్పుడైనా ఏ వరసలో వినాలో చెప్పండి.

పాతరికార్డుల_శాస్త్రి
క్యాసెట్ షాపువాణ్ణి అని లాభం లేదండీ. అమెరికాలోనే వినలేదు జనం.

1944లో మిస్సోరీ రాష్ట్రంలో టిప్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1964లో లాస్ ఏంజెలెస్‌లో మెక్‌గ్విన్, క్రాస్బీలతో కలిసి బర్డ్స్ బృందానికి పునాది వేసినవాడు. 1965లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ అనగానే అందరికీ డిలన్ పాటలే గుర్తొస్తాయి గానీ, అందులో అయిదు పాటల్లో జీన్ చెయ్యి ఉంది. 'ఐల్ ఫీల్ ఎ హోల్ లాట్ బెటర్' పూర్తిగా అతనిదే. 1966 మొదట్లో బయటికొచ్చేశాడు. ఆ తర్వాత పాతికేళ్లు ఈ కంపెనీలో ఒకటి, ఆ కంపెనీలో ఒకటి రికార్డులు చేస్తూనే ఉన్నాడు. ఏదీ పెద్దగా అమ్ముడుపోలేదు. 1991 మే 24న పోయాడు. నలభై ఆరేళ్లు.

వరస అడిగారు. ముందు 'వైట్ లైట్' (1971). మీరిప్పటికే పట్టుకున్న డిల్లార్డ్ అండ్ క్లార్క్ తర్వాత అదే సరిపోతుంది. 'నో అదర్' (1974) జోలికి ఇప్పుడే వెళ్లకండి, దానికి చెవి కాస్త తయారవ్వాలి.

నల్లగొండ_నర్సి
శాస్త్రి గారూ, 'నో అదర్'కి చెవి తయారు గావుడు గాదు, ఆ రికార్డే తయారైతలేదు. మంచి పాటలు తీస్కపోయి కోరస్‌లల్ల, కీబోర్డులల్ల ముంచిండ్రు. ఆ గొంతుకు ఒక గిటార్ ఇచ్చి వదిలేస్తె సాలు.

పాతరికార్డుల_శాస్త్రి
నర్సిగారూ, మీరీ మాట అంటారని తెలిసే 'ఇప్పుడే వెళ్లకండి' అన్నాను :)

బే_ఏరియా_బామ్మ
నర్సీ, నేను ఒప్పుకోను నాయనా.

'నో అదర్' పాటలు జీన్ ఎక్కడ రాశాడో తెలుసా? మెండొసినోలో. ఉత్తర కాలిఫోర్నియా తీరం, మా ఇంటి నుంచి కారులో మూడు నాలుగు గంటల దారి. కొండ అంచున రోడ్డు, కింద పసిఫిక్, సగం రోజులు పొగమంచు. సముద్రం కనిపించే ఇంట్లో కూర్చుని రాశాడు ఆ పాటలన్నీ. మా అల్లుడు కారు నడుపుతుంటే ఆ దారిలో 'స్ట్రెంగ్త్ ఆఫ్ స్ట్రింగ్స్' విన్నాను. మొదలై చాలాసేపటి దాకా మాటే రాదు. ఊరికే గొంతులు లేస్తూ ఉంటాయి, ఒకదాని మీద ఒకటి. మనవాళ్లు ఆలాపన చేసినట్టే. ఆ తర్వాత మొదటి మాట పడినప్పుడు దాని బరువు వేరు. ఒక్క గిటార్‌తో అది రాదు. ఆ పాటకి అంత జనం కావాలి.

నేను డెబ్బై దాటాక విన్నాను దాన్ని. ముప్ఫైల్లో వినుంటే మొదటి నిమిషంలోనే తీసేసి వంటింట్లోకి పోయేదాన్ని, అప్పుడు నాకంత నిదానం ఎక్కడిది?

కడప_కిట్టు
ఇంతకీ ఆ నో అదర్ ఎందుకు మునిగిందబ్బా? ఎవురన్నా చెప్పండి.

పాతరికార్డుల_శాస్త్రి
లక్ష డాలర్లకి పైగా ఖర్చయింది, 1974లో అది చిన్న మొత్తం కాదు. అంతా అయ్యాక చేతికొచ్చినవి ఎనిమిది పాటలు. అసైలమ్ కంపెనీ అధిపతి డేవిడ్ గెఫెన్‌కి అది నచ్చలేదు. ప్రచారం పెద్దగా చెయ్యలేదు. రేడియోలో వేసుకోవడానికి చాలా పాటలు పొడుగు, 'సమ్ మిస్అండర్‌స్టాండింగ్' ఒక్కటే ఎనిమిది నిమిషాలు దాటుతుంది. బిల్‌బోర్డ్ జాబితాలో 144 దగ్గర ఆగిపోయింది. దానికితోడు అట్ట వెనక ఫొటో చూశారా? మేకప్, వదులు ప్యాంటు. కౌబాయ్ టోపీ కోసం చూసే కంట్రీ (అమెరికా పల్లె బాణీ) శ్రోతలు ఆ ఫొటో చూసి ఏమనుకుని ఉంటారో ఊహించుకోండి.

2019లో 4ఏడీ కంపెనీ పాత టేపుల నుంచి మళ్లీ శుభ్రం చేసి పెద్ద ఎత్తున విడుదల చేసింది. అతను పోయిన ఇరవై ఎనిమిదేళ్లకి.

గుంటూరు_గిటార్
అసలు కారణం విమాన భయం. ఆకాశంలో ఎనిమిది మైళ్ల ఎత్తు గురించి పాట రాసిన మనిషి విమానం ఎక్కలేకపోయాడు. ఊళ్లు తిరగకపోతే రికార్డు ఎలా అమ్ముడవుతుంది?

పాతరికార్డుల_శాస్త్రి
ఆ భయం నిజమే. 1966లో బర్డ్స్ న్యూయార్క్ వెళ్లాల్సిన విమానంలోంచి కంగారుపడి దిగిపోయాడు. కానీ అదొక్కటే అనడం అన్యాయం. బృందంలో పాటల రాయల్టీ ఎక్కువగా జీన్‌కే వచ్చేది, మిగతావాళ్లకి అది గుచ్చుకుంది. డబ్బు గొడవలుండే చోట భయస్తుడు ఎన్నాళ్లుంటాడు? తర్వాత తాగుడు. దాన్ని దాచక్కర్లేదు, పొగడక్కర్లేదు.

ఆ 'ఎయిట్ మైల్స్ హై' 1965లో లండన్ వెళ్లిన ప్రయాణం గురించే. అందులో మెక్‌గ్విన్ వాయించిన గిటార్ మీద జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్‌తో పాటు మన రవిశంకర్ ప్రభావం కూడా ఉంది. ఆ రోజుల్లో వాళ్ల వ్యాన్‌లో ఆ రికార్డులే మోగేవి.

సికిందరాబాద్_సైమన్
మీరంతా జీన్ క్లార్క్‌ని కంట్రీ-రాక్‌కి పెద్దదిక్కు చేసేస్తున్నారు. గ్రామ్ పార్సన్స్ ఎక్కడికి పోయాడు? అతను బర్డ్స్‌లో చేరి చేసిన 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో' ఆల్బమ్ 1968 ఆగస్టు. అంతకు ముందెవరున్నారు?

పాతరికార్డుల_శాస్త్రి
సైమన్‌గారూ, 1967 మొదట్లో 'జీన్ క్లార్క్ విత్ ది గాస్డిన్ బ్రదర్స్' వచ్చింది. అందులో 'ట్రైడ్ సో హార్డ్' వినండి, క్లారెన్స్ వైట్ గిటార్ వాయించాడు. అప్పటికి గ్రామ్ బర్డ్స్‌లో చేరనే లేదు. చిత్రం ఏమిటంటే, గ్రామ్ పెట్టిన ఫ్లయింగ్ బురిటో బ్రదర్స్ బృందమే అతను వెళ్లిపోయాక 1971లో ఆ పాటని మళ్లీ పాడింది.

సికిందరాబాద్_సైమన్
విన్నాను. బాగుంది. కానీ గ్రామ్ గొంతు పగిలినప్పుడు నాకు కలిగేది జీన్ పాడితే కలగదు. ఎవరి చెవి వాళ్లది.

నల్లగొండ_నర్సి
సైమన్ అన్నా, గ్రామ్ ఇరవై ఆరేళ్లకే పోయిండు. చిన్నప్పుడు పోయినోళ్ల ఫొటో గోడకెక్కుతది. జీన్ బతికి ఉన్నడు, ముసలోడు అవుతుండె, కష్టపడుతుండె. గట్లాంటోని దిక్కు ఎవ్వరు సూడరు.

బే_ఏరియా_బామ్మ
నర్సీ, 'నో అదర్' విషయంలో నీతో పడకపోయినా ఈ మాటకి నీకు నా ఆశీర్వాదం.

శ్రావ్య_హెచ్‌వైడీ
నేను ఇక్కడ అందరికన్నా చిన్నదాన్ననుకుంటా. నాకు జీన్ క్లార్క్ తెలిసింది రాబర్ట్ ప్లాంట్, అలిసన్ క్రౌస్ కలిసి చేసిన 'రైజింగ్ శాండ్' (2007) వల్ల. అందులో రెండు పాటలు జీన్‌వి: 'పాలీ', 'త్రూ ది మార్నింగ్, త్రూ ది నైట్'. ఆ ఆల్బమ్‌కి 2009లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ వచ్చింది. రెండూ డిల్లార్డ్ అండ్ క్లార్క్ రెండో ఆల్బమ్‌లోవి, 1969. నలభై ఏళ్ల తర్వాత!

మా పెదనాన్నకి 'పాలీ' వినిపిస్తే, ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, 'ఇంకోసారి వెయ్యమ్మా' అన్నారు. ఆయన ఇంగ్లిషు పాటలు వినే మనిషే కాదు.

గోదారిగట్టు
'వైట్ లైట్' విన్నాను. శాస్త్రిగారూ, మీకు రుణపడిపోయాను.

'ఫర్ ఎ స్పానిష్ గిటార్' దగ్గర ఆగిపోయాను. ముందుకు పోబుద్ధి కాలేదు. గిటార్, హార్మోనికా, చాలా తక్కువ డ్రమ్స్. ఒక్కో వాక్యం ఎంత పొడుగు! ఊపిరి ఎక్కడ తీసుకుంటాడా అని చూస్తుంటే, చివరి మాట దగ్గర గొంతు కొద్దిగా కిందికి జారుతుంది, అక్కడ తీసుకుంటాడు. ఆ ఊపిరి కూడా రికార్డులో వినబడుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే గదిలో పక్కన కూర్చున్నట్టుంది. ఇదెవరు చేయించారు?

పాతరికార్డుల_శాస్త్రి
నిర్మాత జెస్సీ ఎడ్ డేవిస్. ఓక్లహోమా నుంచి వచ్చిన కయోవా తెగవాడు, గొప్ప గిటారిస్టు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో జార్జ్ హారిసన్, రవిశంకర్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పెట్టిన కచేరీలో వేదిక మీద గిటార్ వాయించింది ఆయనే. ఆ కచేరీ ఫొటోలు మన పత్రికల్లో చూసినవాళ్లు ఆయన్ని చూసే ఉంటారు, పేరు తెలియకుండా.

వైట్ లైట్ కూడా ఆ ఏడాదిదే. అదీ అమ్ముడుపోలేదు.

వైజాగ్_వెంకట్రావు
నాదొక కష్టం ఉంది. ఆరు పదులు దాటాక చెవుడు మొదలైంది, మిషన్ పెట్టుకుంటున్నాను. మాటలు బానే వినబడతాయి. పాట పెడితే మాత్రం బాంజో రేకు డబ్బా మీద కొట్టినట్టు ఉంటుంది, సాగదీసిన స్వరం వణుకుతుంది. నో అదర్ అయితే అంతా కలిసి ముద్దయిపోతోంది. మీరందరూ పొగుడుతుంటే నేను దాన్ని అందుకోలేకపోతున్నానే అని దిగులు.

కర్నూలు_ఈఎన్‌టీ
వెంకట్రావు గారూ, దిగులు పడొద్దు. మీ చెవికన్నా ఎక్కువగా మిషన్ సెట్టింగ్ చేస్తున్న పని అది. హియరింగ్ ఎయిడ్ మాట కోసం తయారైన పరికరం. చిన్న శబ్దాన్ని పెంచుతుంది, పెద్దదాన్ని అణుస్తుంది. కూత రాకుండా ఆపే ఏర్పాటు ఒకటి ఉంటుంది, సాగదీసిన స్వరాన్ని కూడా అది కూత అనుకుని అడ్డుకుంటుంది. మీరు చెప్పే వణుకు అదే. చాలా మిషన్లలో మ్యూజిక్ ప్రోగ్రామ్ అని వేరే ఉంటుంది, మీ ఆడియాలజిస్టుని అడిగి అది పెట్టించుకోండి.

ఇంకో సంగతి. వయసుతో ముందుగా పోయేవి పై స్థాయి శబ్దాలు. బాంజో, తాళాల మెరుపు తగ్గుతాయి. కింది స్థాయి మగ గొంతు చాలాకాలం నిలుస్తుంది. అందుకే మీకు జీన్ క్లార్క్ ఒంటరిగా పాడినవి బాగా అందుతాయి. వైట్ లైట్‌తో మొదలుపెట్టండి, మంచి స్పీకర్ మీద, మరీ గట్టిగా కాకుండా.

వైజాగ్_వెంకట్రావు
మ్యూజిక్ ప్రోగ్రామ్ పెట్టించాను డాక్టరు గారూ. 'బికాజ్ ఆఫ్ యూ' వింటున్నాను ఇప్పుడు. మీరు చల్లగా ఉండాలి.

కడప_కిట్టు
ఈ టాపిక్ లో చెవి వైద్యం కూడా ఫ్రీనా :) రేపు మోకాలి నొప్పికి ఏ పాటో చెప్పండి డాక్టరప్పా.

భీమవరం_బుల్లోడు
ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మన లలిత సంగీతంలో ఎంతోమంది మరుగున పడిపోయారు. వాళ్లని వదిలేసి ఎక్కడో మిస్సోరీవాడి కోసం ఇంత బాధ ఎందుకు?

బే_ఏరియా_బామ్మ
వాళ్లని ఎవరు వదిలేశారు బుల్లోడూ? నువ్వొక టాపిక్ పెట్టు, మొదటి పోస్టు నాదే. ఒకరిని ప్రేమిస్తే ఇంకొకరికి తక్కువ పడిపోదు.

ఖని_రాజం
చానా రోజుల సంది సదువుతున్న, రాస్తలేను. ఇయ్యాల రాయాలనిపిచ్చింది.

జీన్ క్లార్క్ 1977ల 'టూ సైడ్స్ టు ఎవ్రీ స్టోరీ' అని ఒక రికార్డు చేసిండు. ఎమ్మిలూ హ్యారిస్ గూడ గొంతు కలిపింది దాంట్ల. గది గూడ నడువలే. అండ్ల 'గివ్ మై లవ్ టు మరీ' అని ఒక పాట ఉన్నది. జీన్ రాసింది గాదు, జేమ్స్ టాలీ అనేటాయన రాసిండు. బొగ్గు బాయిల పనిజేసి, దుమ్ముతోని ఊపిరితిత్తులు పాడైపోయిన ఒక కార్మికుని పాట. సావు దగ్గరికొచ్చినంక ఇంటామె గురించి చెప్పుకుంటడు.

మా నాయన సింగరేణిల బాయి దిగినోడే. తట్ట, పారతోని బొగ్గు ఎత్తిన తట్ట-చెమ్మసు కాలం మనిషి. ఆకరి రోజులల్ల పండుకుంటె ఊపిరాడకపోయేది, గోడకు దిండేసుకొని కూసుండే నిద్రపోయేటోడు. మా అమ్మ పక్కకు కూసుండి ఈపు నిమురుతుండె. అమెరికా బాయిల సంగతి నాకేం తెల్వది, కని ఆ పాటల దగ్గు లేకుంటనే దగ్గు వినవడ్డది నాకు. ఏడుపులు, పెద్దపెద్ద వాయిద్యాలు ఏం లేవు. మాట చెప్పినట్టే చెప్తడు. మా నాయన గూడ గట్లనే చెప్పేటోడు, ఏదున్నా మెల్లగ.

నాకు ఇంగ్లిషు పాటలు మా బిడ్డ నేర్పింది. ఈ పాట మాత్రం ఆమెకు నేనే చూపించిన.

నల్లగొండ_నర్సి
రాజం అన్నా, ఇంక జర రాయరాదే. ఈడ గిసొంటి మాటలే గావాలె.

గోదారిగట్టు
రాజం గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఆ పాట ఇద్దరం కలిసి విన్నాం. ఇంతకన్నా ఏం రాయాలో తోచడం లేదు.

సికిందరాబాద్_సైమన్
చివరి రోజుల రికార్డు గురించి ఎవరూ ఎత్తలేదేం? 1987లో కార్లా ఓల్సన్‌తో చేసిన 'సో రెబెలియస్ ఎ లవర్'. నేను గ్రామ్ పక్షమే, అయినా చెబుతున్నాను, 'జిప్సీ రైడర్' వినండి. గొంతు అరిగిపోయింది, పై స్వరం అందదు, అందనిచోట అబద్ధం ఆడకుండా వదిలేస్తాడు. 'డెల్ గాటో' తమ్ముడు రిక్‌తో కలిసి రాసింది, కథలా నడుస్తుంది.

గుంటూరు_గిటార్
చర్చిలో గిటార్ వాయిస్తాను, అందుకే చెబుతున్నా. జిప్సీ రైడర్ తీగలు పట్టుకోవడం తేలిక, ఆ గొంతుతో పాడటమే ఎవరివల్లా కాదు. మా కుర్రాళ్లకి నేర్పాను. వాళ్లు వేగంగా వాయించేస్తున్నారు, నిదానం మాత్రం నేర్పలేకపోతున్నాను.

శ్రావ్య_హెచ్‌వైడీ
చివర్లో అతనికి కొంచెమైనా గుర్తింపు దొరికిందా? డబ్బయినా?

పాతరికార్డుల_శాస్త్రి
1989లో టామ్ పెటీ తన 'ఫుల్ మూన్ ఫీవర్'లో 'ఐల్ ఫీల్ ఎ హోల్ లాట్ బెటర్' పాడాడు. ఆ ఆల్బమ్ లక్షల్లో అమ్ముడైంది, రాయల్టీ వచ్చింది. పాతికేళ్ల కిందటి పాట, ఇంకొకరి గొంతులో. 1991 జనవరిలో బర్డ్స్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. అయిదుగురూ ఒక వేదిక మీద నిలబడ్డారు. మే నెలలో జీన్ పోయాడు. టిప్టన్‌లోనే సమాధి. రాయి మీద పేరుతో పాటు 'నో అదర్' అని చెక్కారు.

నల్లగొండ_నర్సి
రాయి మీద చెక్కినా సరే, ఆ రికార్డుల కీబోర్డులు ఎక్కువైనయి. నేను మారను శాస్త్రి గారూ.

బే_ఏరియా_బామ్మ
నువ్వు మారకు. ఒక్క 'ఫ్రమ్ ఎ సిల్వర్ ఫయల్' మాత్రం రాత్రి పూట విను, పడుకోబోయే ముందు. మళ్లీ వచ్చి తిట్టు, నేను ఇక్కడే ఉంటాను.

గోదారిగట్టు
'రోడ్‌మాస్టర్' అని ఒకటి కనిపిస్తోంది, 1973. ఇది ఎవరూ చెప్పలేదు. వినొచ్చా?

పాతరికార్డుల_శాస్త్రి
తప్పకుండా. అప్పట్లో ఒక్క నెదర్లాండ్స్‌లోనే విడుదలైంది, అమెరికాలో చెయ్యలేదు. కొన్ని పాటల్లో పాత బర్డ్స్ వాళ్లు వాయించారు. 'వన్ ఇన్ ఎ హండ్రెడ్', 'షీ ఈజ్ ది కైండ్ ఆఫ్ గర్ల్' ముందు వినండి, మిగతావి తర్వాత.

నల్లగొండ_నర్సి
బామ్మా, విన్న. పాట మంచిగున్నది. కీబోర్డులు ఎక్కువనే.